సుంకరి చేతిలో కాగితం

పుల్లకి చుట్టిన దూదిని నాలుక మీద తడిపి
నీ నుదుటి మీద తిప్పుతున్నాను, ఒనుఫ్రి దొరా.
కోపగించుకోకు.
రెండున్నర శతాబ్దాల కొవ్వొత్తి మసి వదలడానికి
మనిషి ఉమ్మిని మించిన మందు
సాన్‌డొమియెష్‌లోని మా వర్క్‌షాపుకి ఇంకా రాలేదు.
నువ్వు బతికున్న రోజుల్లో
పడవల వాళ్లు నీ వీపు చూసి చేసిన పనే ఇది.
నేను ఎదురుగా కూర్చుని చేస్తున్నాను,
జీతం తీసుకుని.

మొదట చెవి బయటపడింది.
తర్వాత గొరిగిన తల, నీలి నీడతో,
మంగలి ఇప్పుడే గడప దాటినట్టు.
మీసానికి మూడు రోజులు పట్టింది.
వెంట్రుకకింత అని బేరం కుదిరిందేమో,
చిత్రకారుడు ఒక్కటీ వదల్లేదు.
చేతులు మాత్రం నీవి కావు.
ఆ మెత్తని వేళ్లు ఎవరో మఠాధిపతివి,
ఊరూరా తిరిగేవాడు ముందే నేర్చి పెట్టుకున్నవి.
నీ అసలు చేతులు
రై బస్తాల్లోకి మోచేతుల దాకా దిగేవి,
గింజల కింద దాచిన మైనపు దిమ్మల కోసం.

నడుముకి పట్టు దట్టీ.
రెండు వైపులా నేసినది:
పెళ్లికి బంగారు ముఖం, చావుకి నల్ల ముఖం.
ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్ల కోసం
ఇంత అందమైన గొడుగు ఇంకెవరూ నేయలేదు.
నువ్వు బంగారాన్నే బయటికి కట్టావు.
మడతలో ఒకచోట, బొటనవేలంత మేర,
నలుపు తొంగి చూస్తోంది.

నువ్వు దొరికింది కోళ్ల గూటి తలుపుకి.
చలిగాలి రాకుండా మేకులు కొట్టి, ముఖం లోపలికి.
"పెద్దాయన కాపలా ఉన్నన్నాళ్లూ నక్క రాలేదమ్మా"
అంది గెనొవేఫా అవ్వ, నిన్ను అప్పగిస్తూ.
రశీదు అడిగింది.
రశీదు మీద ముద్ర కూడా అడిగింది.
నువ్వు వింటే మెచ్చుకునేవాడివి.

నిన్న నీ ఎడమచేతి కాగితం దగ్గరికొచ్చాను.
తెల్ల కాగితం.
సర్కారు మనిషి చేతిలో ఖాళీ కాగితమేమిటని
బోగుమీవా దీపాలార్పి
కంటికందని వెలుగులో ఫోటో తీసింది.
సీసపు తెలుపు కింద, బూడిదరంగు అక్షరాలు:
రాజుగారి ఖజానా తరఫున
విస్తుల నది కుడి రేవు సుంకరి.

బొమ్మ వసంతంలో మొదలై ఉంటుంది.
నూనె రంగు ఎవరి కోసమూ తొందరపడి ఆరదు.
ఈలోగా గుర్రాలొచ్చాయి.
కుడి ఒడ్డున ఒంటితల గద్దని దింపి
రెండు తలల గద్దని మేకు కొట్టారు.
పడవలవే, రై అదే, బస్తాల అడుగున అబద్ధాలూ అవే.
నీ కుర్చీ మాత్రం రాత్రికి రాత్రి పరాయి దేశమైంది.

ఈ తెలుపు తర్వాతి వాళ్లు పూసింది కాదు.
రెండు పొరల నడుమ దుమ్ము లేదు.
అదే కుంచె, అదే ఏడు.
నువ్వే చెరిపించావు.
సిగ్గుపడా?
కొత్త దొరల దగ్గర్నుంచి కబురొస్తే
కొత్త హోదా రాసుకోడానికి చోటు ఉంచుకునా?

మా నాన్న అడవి గార్డు.
టోపీ మీది గద్దకి కిరీటం ఉండేది కాదు.
నాకు పదకొండేళ్లప్పుడు
ఇకమీదట కిరీటం ఉంటుందని పై నుంచి కాగితం వచ్చింది.
కొత్త బిళ్ల రాలేదు. ఆయన పాతది ఊడదీసి
దారాల డబ్బాలో వేశాడు.
ఆ శరదృతువంతా పుట్టగొడుగులకి
అదే టోపీ పెట్టుకుని వెళ్లాడు,
నుదుటి మీద రెండు చిల్లులతో.
ఎవరూ ఏమీ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

గురువారం కమిటీ వస్తుంది.
తెలుపు కరిగించమంటారు,
చూడవచ్చినవాళ్లు చదువుకోవాలి కదా అంటారు.
ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.
ఇవాళ్టికి కాగితాన్ని అలాగే వదిలేసి
కొత్త దూది చుట్టి
గుండీల దగ్గరికి దిగుతున్నాను.
పదమూడు ఉన్నాయి దొరా.
కాజాలు పన్నెండే.